మే నెలలో గని పంపుకు పట్టిన మంచు

మీరు కళ్ళతో చూడని తప్పుకు ఎవరినైనా దోషి అని తేల్చారా? నేను తేల్చబోయాను.

రిటైర్ కావడానికి నాలుగేళ్ళ ముందు, ఏప్రిల్ మొదటి వారంలో, గోదావరిఖని దగ్గర ఒక భూగర్భ గనికి మెకానికల్ ఇంజనీరుగా బదిలీ అయ్యాను. చేరిన ఆరో వారంలో మేనేజరు నాకొక చార్జిషీటు ఇచ్చి సాంకేతిక నివేదిక రాయమన్నారు. పంపు ఆపరేటర్ దేవదానం డ్యూటీలో నిద్రపోయి పంపును ఆపేస్తున్నాడన్నది ఆరోపణ. అది అతనికి మూడో చార్జిషీటు. రుజువైతే ఉద్యోగం పోతుంది.

గనిలో అతని పంపు ఉన్న చోట మండే మీథేన్ వాయువు తేలుతుంది, కరెంటు మోటారుకు అనుమతి లేదు. అందుకే నీళ్ళు తోడడానికి గాలితో నడిచే పంపు పెట్టారు. పైన కంప్రెసర్ గాలిని నొక్కి పంపుతుంది, కింద ఆ గాలి వ్యాకోచించి పంపును నడుపుతుంది. ప్రతి షిఫ్టులో రెండు గంటలు నడిచి అది ఆగేది. మరమ్మతు చేసే ఫిట్టర్ నడిచి వచ్చేసరికి మళ్ళీ తిరిగేది.

"నేను నిద్రపోలే సార్. ఆగిందంటే ఆగింది. మీ ఫిట్టరొచ్చేసరికి మల్ల తిరుగుతది. నన్నేం చెయ్యమంటరు?" అన్నాడు దేవదానం.

ఆ షిఫ్టు సర్దార్, అంటే పని చేయించే సూపర్వైజరు, మల్లయ్యకు కారణం ముందే తెలుసు. గనిని కాచే దేవత మైసమ్మకు కోపం వచ్చింది. పంపు ఆగినప్పుడల్లా దానికి స్నానం చేయించి, బొట్టు పెట్టి, అగరుబత్తి లేకుండానే కొబ్బరికాయ కొట్టేవాడు. అగ్గిపెట్టె గనిలోకి తేవడం నేరం, ఆ నియమం అమ్మవారికీ వర్తిస్తుంది. ఈ తంతుకు అరగంట పట్టేది. తర్వాత పంపు నడిచేది. ఒక్కసారీ తప్పలేదట.

"ఒక్క దండం పెడితే ఏం పోతది బావా?" అన్నాడు మల్లయ్య.

"పెడ్త. చార్జిషీటుకు మైసమ్మ జవాబు రాస్తదా?" అన్నాడు దేవదానం.

నేను చేసిన పని ఒక్కటే. మొదటి షిఫ్టంతా ఆ పంపు పక్కన కూర్చున్నాను. రెండు గంటల తర్వాత చప్పుడు బరువెక్కింది, పంపు ఆగింది. దేవదానం మెలకువగా నా ఎదురుగానే ఉన్నాడు. వాడిన గాలి బయటికి వచ్చే సైలెన్సర్ మీద చెయ్యి పెట్టాను. వేలు అంటుకుంది. పైన తారు కరిగే ఎండ, కింద సైలెన్సర్ నిండా మంచు.

మల్లయ్య సంచిలోంచి కాయ తీశాడు. ఈసారి కొట్టకుండా ఆగమన్నాను.

"నడువకపోతే సార్?"

"రెండు కొట్టు."

ఇరవై అయిదు నిమిషాలకు మంచు కరిగింది, పంపు తిరిగింది. మల్లయ్య కాయను అటూ ఇటూ తిప్పి చూశాడు. "మరి దీన్నేం చెయ్యాలె?"

"తెచ్చినవ్ గద, తిందాం," అన్నాడు దేవదానం.

గాలిని నొక్కితే మనం దాని మీద పని చేస్తున్నాం, అది వేడెక్కుతుంది. అదే గాలి వ్యాకోచించి పంపును నెట్టినప్పుడు పని చేసేది గాలి. ఆ క్షణంలో బయటి వేడి అందే వ్యవధి ఉండదు కనుక తన వేడినే ఖర్చు పెట్టి చల్లబడుతుంది. గాలిలో తేమ ఉంటే మంచై దారి మూస్తుంది.

ఆ తేమ కిందికి రాకూడదు. పైన గాలి నిలవ ఉండే ట్యాంకు నుంచి షిఫ్టుకొకసారి నీళ్ళు వదలాలి. రిజిస్టరు ప్రకారం వదులుతున్నారు. నేను వాల్వు తిప్పితే ఒక్క చుక్క రాలేదు. గాలి ఖాళీ చేయించి వాల్వు విప్పితే తుప్పు ముద్ద, దాని వెనక బకెట్ల కొద్దీ నీళ్ళు. రిజిస్టరులో వారం వారం తనిఖీ చేసినట్టున్న అయిదు సంతకాలు నావి.

మల్లయ్య కాయ కొట్టేవాడు, నేను సంతకం కొట్టేవాణ్ణి. ఇద్దరం యంత్రాన్ని చూడలేదు. అతను కనీసం దాని దగ్గరికి వెళ్ళాడు.

నివేదికలో ఇదంతా రాశాను. దేవదానం చార్జిషీటు రద్దయింది. నాకు హెచ్చరిక లేఖ వచ్చింది. అది సరైన చిరునామాకే వచ్చింది.

నా మాట నమ్మకండి. సైకిల్ పంపు తీసుకుని, మూతి వదిలేసి ఇరవై సార్లు కొట్టండి. తర్వాత మూతిని వేలితో మూసి ఇరవై సార్లు కొట్టండి. రెండుసార్లూ గొట్టం అడుగున చెయ్యి పెట్టి చూడండి. ఆ తర్వాత మీ ఆఫీసులో మీరు చూడకుండా సంతకం పెట్టిన కాగితం ఒకటి తీయండి. అందులో రాసి ఉన్న యంత్రం దగ్గరికో, మనిషి దగ్గరికో ఇవాళే నడిచి వెళ్ళండి.