పొగలో కురవని మబ్బు

మేఘాల మీద పీహెచ్‌డీ చేసినవాడు వాన వల్ల ఉద్యోగం పోగొట్టుకోవడం ఎక్కడైనా విన్నారా? ఇదిగో, మీ ఎదురుగానే కూచుని టీ తాగుతున్నాడు. నవ్వండి, పర్లేదు. నాకే ఇంకా నవ్వు రావడం లేదు.

గాలిలో పొగ, దుమ్ము మేఘాల్ని ఏం చేస్తాయన్నదే నా రీసెర్చి. ఏళ్ల తరబడి ఒక కాంట్రాక్టు అయ్యాక ఇంకో కాంట్రాక్టు. పెళ్లిచూపుల్లో "పర్మనెంటేనా బాబూ?" అంటే తల దించుకోవడం. ఈ ఎండాకాలం మామిడితోటల మీద గాలి కొలవడానికి రెడ్డిగూడెంలో మా మేనత్త మరియమ్మ ఇంటి డాబా మీద మెషీన్ పెట్టుకుని, దాని పక్కనే దిగులుగా కూచునేవాణ్ణి. నెలాఖరుకి ఆ కాంట్రాక్టూ ఆఖరు. సరిగ్గా అప్పుడొచ్చింది ఇంటర్వ్యూ కాల్. పర్మనెంట్ పోస్టు! ఇది పోతే నా వయసుకి ఇంకోటి రాదు. ఇంటర్వ్యూ ఆన్‌లైన్‌లో. సిగ్నల్ వచ్చేది డాబా మీదే.

అదే డాబా మీద అత్త తాండ్ర పోస్తోంది. చిన్నరసాల గుజ్జు చాపల మీద పలచగా ఒక పొర, అది ఎండాక ఇంకో పొర. ఏటా చర్చిలో తొలి ఫలాల కానుకగా ఇచ్చేది ఆ తాండ్రే. తడి తగిలిందా, బూజే.

ఇంటర్వ్యూ రోజు మధ్యాహ్నం పడమట మబ్బు లేచింది. అత్త టార్పాలిన్ పట్టా మోసుకొచ్చింది.

"ఏరా నాన్నా, కప్పెయ్యనా?"

"ఎందుకత్తా! తోటలో ఎండుటాకులు తగలబెడుతున్నారు, చూడు ఎంత పొగో! ఇంత పొగలో ఆ మబ్బు కురవదు."

"అంతేనంటావా?"

"నా చదువంతా అదే కదత్తా!"

"సరేలే, అంత చదివినోడివి నువ్వే చెప్పాక ఇంకేంటి" అని పట్టా మడిచి తీసుకుని కిందికి వెళ్లిపోయింది. నా ఉద్యోగం కోసం ప్రార్థన చేసుకోవాలట.

ఇంటర్వ్యూ బ్రహ్మాండంగా సాగింది. చివర్లో ఛైర్మన్ గారు "మీ పని మామూలు మనిషికి అర్థమయ్యేలా చెప్పండి" అన్నారు. అక్కడితో ఊరుకోవచ్చుగా? ఫోన్ ఆకాశం వైపు తిప్పాను.

"లైవ్‌లో చూపిస్తాను సర్! పొగ ఎక్కువైతే మబ్బులో నీటి బిందువులు బోలెడు పుడతాయి, కానీ అన్నీ మరీ సన్నవి. బరువెక్కవు, కిందికి రావు. కాబట్టి ఈ మబ్బు..."

టప్!

మొదటి చుక్క కెమెరా మీదే పడింది. "ఇది ఎక్సెప్షన్ సర్" అన్నాను. ఆ తర్వాత ఎక్సెప్షన్లు కుండపోతగా కురిశాయి.

"ప్రభువా! నా తాండ్ర!" కింద నుంచి అత్త కేక. ఫోన్ పిట్టగోడ మీద పడేసి చాపలు లాగబోయాను. తడి తాండ్ర మీద కాలు పడింది. జర్రున జారి, మొత్తం మనిషిని వెళ్లి దాని మీదే పడ్డాను. ఫోన్‌లోంచి ఛైర్మన్ గారు ఎంతో మర్యాదగా "డాక్టర్, మాకిక్కడ వాన ఒక్కటే కనిపిస్తోంది" అంటున్నారు.

అత్త తిట్టలేదు. తిట్టినా బావుండేది. తాండ్రంతా గేదెలకి పెట్టేసి, నా తల తుడుస్తూ "ఉద్యోగం వస్తుందిలే నాన్నా" అంది. రాలేదు. ఆ మెయిల్ చూసుకుని ఏడ్చాను, అబద్ధమెందుకు.

నిన్న పక్క తోట సుందర్రావు గారు ఫోన్ చేశారు.

"డాక్టరు గారండీ, కోసిన కాయంతా ఆరుబయటే కుప్ప పోసుందండీ. వానేమన్నా పడుద్దంటారా?"

"పడకపోవచ్చండీ."

ఫోన్ పెట్టకుండానే ఆయన అరుపు వినపడింది. "ఒరేయ్! డాక్టరు గారు పడదంటున్నారు! పట్టాలు తెండ్రా, తొందరగా!"

ఇన్నేళ్ల నా కెరీర్‌లో నా మాట మీద అంత నమ్మకంతో జనం పరుగులు పెట్టడం ఇదే మొదటిసారి.