మీటరు చక్రం ఆగేదాకా

మా సైన్సు సారు పోయారని ఆళ్లగడ్డ నుంచి పొద్దున్నే వచ్చిన బస్సు కండక్టరు చెప్పాడు. అతనూ సారు శిష్యుడే. నంద్యాల నుంచి తిరిగెళ్లే అదే బస్సెక్కి, దారంతా కిటికీకి తల ఆనించి కూర్చున్నాను. ఏడవడానికి కూడా ఓపిక లేకపోయింది.

డెబ్బైల్లో ఆళ్లగడ్డ హైస్కూల్లో ఆయన దగ్గర చదివాను. ట్రాన్సిస్టరుకు బ్యాటరీలు దండగని నాయన కరెంటుతో నడిపించే ఎలిమినేటరు కొన్నాడు. ఒకరోజు సారు మా ఇంటికొచ్చి, రేడియో పక్కనున్న ఆ డబ్బాను జ్వరం చూసినట్టు చేతి వెనకవైపుతో తాకారు.

"రేడియో ఆపినావు గదప్పా, ఇది యెచ్చగా ఎందుకుండాది?"

లైట్లన్నీ ఆపించి మమ్మల్ని మీటరు ముందు నిలబెట్టారు. చక్రం మెల్లగా తిరుగుతూనే ఉంది.

"చూడు, పని చెయ్యని ఎద్దుకు మేతేస్తాండావు."

నాయన ప్లగ్గు పీకాడు. చక్రం మీది ఎర్రగీత ఆగింది. మేం నోళ్లు తెరుచుకుని చూశాం.

తర్వాత ఎవరింటికెళ్లినా ఆయనది అదే తంతు. కాఫీ వచ్చేలోపు ఏదో ఒకటి తాకాల్సిందే. 'జ్వరం సారు' అని వెనక నవ్వేవాళ్లు. నేనూ నవ్వాను. సాయంత్రమైతే ఓల్టేజీ పడిపోయి బల్బులు ఎర్రబారే రోజులవి. "మనింట్లో ఊరికే పోయేది, లైను కొసింటి పిల్లోళ్లు సదువుకునే ఎలుతురప్పా" అనేవారు.

రెండేళ్ల కిందట నంద్యాలలో మా ఇంటికొచ్చారు. కొత్తగా టీవీ కొన్నాం. మా ఆవిడ తరపు చుట్టాలున్నారు. సారు స్టెబిలైజరు మీది అల్లికగుడ్డ తీసి చెయ్యి పెట్టారు.

"టీవీ ఆపినా ఇది కాలుతాందే, నాయనా."

డ్యూటీ నుంచి అప్పుడే వచ్చాను, విసిగి ఉన్నాను. "ఇది మీ క్లాసు కాదు సార్" అన్నాను.

ఆయన గుడ్డను మళ్లీ సరిగ్గా కప్పి, కాఫీ తాగి వెళ్లారు. మళ్లీ రాలేదు. ఈ ఆదివారం పోయి మాట్లాడదాం, వచ్చే ఆదివారం పోదాం అనుకుంటూనే రెండేళ్లు గడిపాను. ఆళ్లగడ్డ ఏమంత దూరమని?

ఆళ్లగడ్డ చర్చిలో ప్రార్థన అయ్యాక, శవపెట్టె మూసేముందు, ఆయన చేతిని నా చేతి వెనకవైపుతో తాకాను. చల్లగా ఉంది. "తప్పయింది సార్" అన్నాను. ఆ మాట ఆయన బతికుండగా అనాల్సింది.

పొద్దుగూకే వేళకు ఇల్లు చేరాను. ఇంట్లో ఎవరూ లేరు. టీవీ ఆపే ఉంది. గుడ్డ కింద స్టెబిలైజరు వెచ్చగా ఉంది. ప్లగ్గు పీకి, వరండాలో మీటరు ముందు నిలబడ్డాను. ఎర్రగీత కాస్త కదిలి ఆగిపోయింది. నా చేతి వెనక ఆ వెచ్చదనం ఇంకా ఉంది.