తాళం ఆగని చెయ్యి

బెంగళూరు నుంచి కదిరికి పోయే బస్సులో నా పక్కన కూర్చున్నామె ముందు సీటు కడ్డీ మీద వేళ్లతో తాళం వేస్తూనే ఉంది. నాకేమో తలనొప్పి. "కొంచెం ఆపమ్మా" అన్నాను, కటువుగానే.

"ఆగడంల్యా అక్కా. మాయమ్మ పోయింది. గోరంట్లలో దిగల్ల."

నేను ఆమె వైపు తిరిగి కూర్చున్నాను.

ఆమె బెంగళూరు హోటళ్లలో జాజ్ పాడుతుందట. అన్నీ ఇంగ్లీషు పాటలే.

"మాయమ్మ సావిండ్లలో శోకాలు తీసేది. ఆ సాగదీతే నేను మైకు ముందర తీస్తా. జనం లేసి నిలబడి చప్పట్లు కొడతారు." కడ్డీ మీది తన వేళ్లను చూసుకుంది. "ఇప్పుడు నేను పోయి శోకం పెడితే గానీ ఆయమ్మను ఎత్తరు. తాళంలో ఏడిస్తే ఊరోళ్లు ఏమంటారు? ఇది ఏడుస్తాండాదా, పాడతాండాదా అనరా?"

కుడిచెయ్యి నా ఒళ్లో పెట్టి, "గట్టిగా పట్టుకో అక్కా" అంది. పట్టుకున్నాను. నా గుప్పిట్లో కూడా ఆమె వేళ్లు ఆడుతూనే ఉన్నాయి.

గోరంట్లలో ఆమె దిగగానే ఆడవాళ్లు ఎదురొచ్చి ఏడుపు ఎత్తుకున్నారు. ఒక ముసలామె ఆమెను వాటేసుకుంది. నా పక్కన కూర్చున్నామె నోరు తెరిచింది గానీ గొంతు రాలేదు. చెయ్యి మాత్రం ముసలామె వీపు మీద తాళం వేస్తోంది. నేను బస్సు కిటికీలోంచి వింటున్నాను. ముసలామె శోకం కొంచెం తడబడి, ఆ తాళంలోకే వచ్చి పడింది.

ఊరోళ్లు ఏమన్నారో వినకముందే బస్సు కదిలింది. అప్పటి నుంచి ఏ చావింటికి పోయినా నా చూపు ముందు చేతుల మీదికే పోతుంది.