రెండు చక్రాలకూ ఉందని చెప్పాను

ఐదేళ్లుగా ఒక మాటను మోస్తున్నాను. పెద్ద మాటేం కాదు. "రెండు చక్రాలకూ ఉండాది." అంతే. ఎవరినీ తిట్టలేదు, ఎవరి చేతిలోదీ లాక్కోలేదు. గొంతు కూడా పెంచలేదు. నవ్వుతూనే చెప్పాను. అయినా ఈ ఐదేళ్లలో ఆ మాట బరువు తగ్గలేదు. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో.

మదనపల్లెలో ఒక మోటార్ సైకిళ్ల షోరూములో పనిచేస్తాను. బండ్లు అమ్మడం నా పని. చేరిన కొత్తలో నన్ను స్కూటర్ల వైపు నిలబెట్టారు. ఆడపిల్లలు స్కూటర్లే కొంటారు, ఆడపిల్లే అమ్మాలి అన్నది వాళ్ల లెక్క. స్పోర్ట్స్ బండ్ల వైపు ఇద్దరు మగవాళ్లు ఉండేవాళ్లు. నాకేమో ఆ బండ్లంటేనే ఇష్టం. ఏ ఇంజిన్‌కు ఎంత బలం, ఏ టైరు ఎంత వెడల్పు, అన్నీ నోటికొచ్చు. అడిగి అడిగి ఆర్నెల్లకు అటువైపు మారాను. మారిన రోజు వాళ్లిద్దరిలో ఒకాయన అందరి ముందూ అన్నాడు, "సూద్దాం, ఈయమ్మ ఒక్క బండి అమ్మితే గొప్పే."

ఆ మాటను సాకుగా చెప్పడం లేదు. కాదు, చెబుతున్నానేమో. ఏది కారణమో, ఏది సాకో ఇన్నాళ్లకు నాకే తేడా తెలియకుండా పోయింది.

అప్పుడే స్పెషల్ ఎడిషన్ వచ్చింది. నలుపు మీద బంగారు రంగు గీతలు, బంగారు రంగు చక్రాలు, ట్యాంకు మీద చిన్న ఇత్తడి బిళ్ల. మామూలు బండి కంటే పద్దెనిమిది వేలు ఎక్కువ. ఇంజిన్ అదే. బ్రేకులు అవే. సీటు కూడా అదే, కుట్టుదారం రంగు మాత్రం వేరు. మాకు మూడు వచ్చాయి. రెండు వారంలోనే వెళ్లిపోయాయి. మూడోది అద్దాల పక్కన అలాగే ఉండిపోయింది. వచ్చినవాళ్లు దాని పక్కన ఫోటో దిగేవాళ్లు, మామూలుది కొనుక్కొని వెళ్లేవాళ్లు. దాన్ని అమ్మి చూపించాలని నాకు పట్టుదల. ఉద్యోగం పోతుందని కాదు. ఆ ఇద్దరి ముందూ అమ్మాలి, అంతే.

ఒక సోమవారం ఉదయం రెడ్డెప్ప వచ్చాడు. పుంగనూరు దగ్గర పల్లె. కరెంటు ఆఫీసులో లైన్‌మన్. వాళ్ల నాన్న జీవితమంతా వేరుశనగ చేలల్లో కూలిపని చేశాడట. ఆ ఇంట్లో నెల జీతం తెచ్చిన మొదటి మనిషి తనేనని వచ్చిన పది నిమిషాల్లోనే చెప్పాడు. గొప్ప కోసం కాదు, సంతోషంగా చెప్పాడు. పక్కన కూతురు లావణ్య. పొడుగ్గా, సన్నగా, జుట్టు బిగించి కట్టుకుని ఉంది. కుప్పంలో ఒక ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తూ కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతోంది. రాతపరీక్ష మొదటిది గట్టెక్కింది. రోజూ తెల్లవారక ముందే లేచి పరుగెత్తుతుందట. కుప్పం నుంచి ఇంటికి రావాలంటే పలమనేరులో బస్సు మారాలి. అందుకే బండి. స్కూటరు వద్దని, స్పోర్ట్స్ బండే కావాలని ఆ పిల్లే అడిగింది. తండ్రి సరేనన్నాడు.

ఆ పిల్లను చూడగానే నాకు ఇష్టం కలిగింది. ఇది కూడా రాయాలి. ఇష్టం లేని మనిషికి చేసిన తప్పు కాదు ఇది.

ఇద్దరూ మామూలు బండి దగ్గరే నిలబడ్డారు. డబ్బు కట్టేయబోతున్నారు. అప్పుడు రెడ్డెప్ప కళ్లు నల్లబండి మీద పడ్డాయి.

"ఏమమ్మా, దీనికి అంత ఎక్కువ యాల? లోపల ఏమన్నా వేరే ఉండాదా, పైన రంగేనా?"

నేను నోరు తెరిచేలోపే లావణ్య అంది, "రంగే నాయనా. మిగతాదంతా ఒకటే. మనకు మామూలుదే చాలు."

అదే నిజం. ఆ పిల్లకు తెలుసు. "అవునప్పా, పాప చెప్పిందే కరెక్టు" అంటే సరిపోయేది. ఒక బండి అమ్ముడయ్యేది, అందరం ఇళ్లకు వెళ్లేవాళ్లం. కానీ అవతల బల్ల దగ్గర ఆ ఇద్దరూ మమ్మల్నే చూస్తున్నారు.

"రంగొక్కటే కాదప్పా" అన్నాను. "బ్రేకులు వేరే. మామూలు బండికి ముందు చక్రానికే ఏబీఎస్, అదే, చక్రం బిగుసుకోకుండా చూసేది. దీనికి రెండు చక్రాలకూ ఉండాది. వానలో గట్టిగా పట్టినా బండి జారదు."

లావణ్య చేతిలోని బండి వివరాల కాగితం చూసింది. "దీంట్లో అట్ల లేదే అక్కా?"

"అది పాత కాగితం పాపా. కొత్తది ఇంకా రాలేదు."

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ రెండో మాట. మొదటిది నోరు జారిందనుకోవచ్చు. రెండోది జారలేదు. మొదటిదాన్ని నిలబెట్టడానికే చెప్పాను.

రెడ్డెప్ప వంగి నల్లబండి వెనక చక్రం చూశాడు. తర్వాత అన్నాడు, "నేను స్తంభాలెక్కే మనిషినమ్మా. బెల్టు లేకుండా ఎక్కి కింద పడినోళ్లను ఈ కండ్లతో సూసినా. రంగుకైతే నాకొద్దు. బ్రేకులకైతే ఇయ్యి."

"వద్దులే నాయనా" అని లావణ్య చెయ్యి పట్టుకుంది.

"నువ్వు ఊరుకో పాపా. ఆ రోడ్డులో నువ్వు పోతావుంటే ఈడ నేను అన్నం తినొద్దా?"

నల్లబండి వెళ్లిపోయింది. పూలదండ వేసి, తాళం చేతికిచ్చి, ముగ్గురం ఫోటో దిగాం. నన్ను వెక్కిరించినాయన దగ్గరికొచ్చి "మేలే" అన్నాడు. ఆ రోజు నేను చాలా సంతోషంగా ఉన్నాను. దాచుకోవడం ఎందుకు, నిజంగా సంతోషంగా ఉన్నాను.

నాలుగు నెలలు గడిచాయి. మళ్లీ రెడ్డెప్ప వచ్చాడు, చేతిలో ఒక సంచి సీతాఫలాలతో. మనిషి చిక్కిపోయి ఉన్నాడు. లావణ్య పడిపోయిందని చెప్పాడు. ఇంటికొస్తూ వి.కోట దాటాక వాన. ఒక గేదె రోడ్డుకు అడ్డం వచ్చింది. బ్రేకు గట్టిగా తొక్కింది. బండి పక్కకు జారి కుడికాలి మీద పడింది. మోకాలి కింద ఎముక రెండు ముక్కలైంది. లోపల రాడ్ వేశారు. పోలీసు ఉద్యోగానికి పరుగు పరీక్ష ఇంకో మూడు వారాల్లో ఉంది.

తిట్టడానికి వచ్చాడనుకున్నాను. తిట్టాలనే కోరుకున్నాను.

ఆయన రెండు చేతులూ జోడించాడు. "నువ్వు ఆ పొద్దు చెప్పబట్టే ఆ బండి తీసుకుంటి తల్లీ. మామూలుదైతే పాప తల పగిలిపోయుండు. కాలుతో పోయింది. నీ మేలు మర్చిపోను."

నేనేం చేశానో తెలుసా? "దేవుడి దయప్పా" అన్నాను. సీతాఫలాలు ఇంటికి తీసుకెళ్లాను. అమ్మ తిని చాలా తియ్యగా ఉన్నాయంది.

ఆ తర్వాత ఆయన పుంగనూరులో కనపడిన వాళ్లందరికీ చెప్పాడు. ఎక్కువ డబ్బు పోయినా స్పెషల్ బండే కొనాలని, దాని బ్రేకుల వల్లే కూతురు బతికిందని. ఆ మాట విని ఇద్దరు ముగ్గురు నా పేరు అడుగుతూ వచ్చారు. స్పెషల్ ఎడిషన్ అయిపోయిందని చెప్పి వాళ్లకు మామూలువే అమ్మాను. అదేదో మంచిపని చేసినట్టు ఆ పూట నాకు నేను నచ్చాను కూడా. నిజం చెప్పడానికి నోరు రాని మనిషి, అబద్ధాన్ని ఇంకోసారి వాడకపోతే చాలనుకుంటుంది. ఏం లెక్క అది?

ఇప్పుడు అసలు సంగతి. ఇప్పటిదాకా చెప్పింది కాదు, ఇది.

పడిపోయిన ఆరు నెలలకు లావణ్య ఒంటరిగా షోరూముకు వచ్చింది. కర్ర పట్టుకుని, మెల్లగా మెట్లెక్కి. పరుగు పరీక్ష పోయింది. తరువాత పిలుపు ఎప్పుడో తెలియదు, వచ్చినా ఆ కాలితో కుదరదని డాక్టరు చెప్పేశాడు. నన్ను బయటికి పిలిచింది. ఇద్దరం వాటర్ ట్యాంకు పక్కన నిలబడ్డాం.

కుప్పంలో బండి రిపేరుకిస్తే మెకానిక్ చెప్పాడంది. వెనక చక్రానికి ఏబీఎస్ లేదు. ఏ కాలంలోనూ లేదు. గట్టిగా తొక్కేసరికి ఆ చక్రమే బిగుసుకుపోయి బండి జారింది. "ఊర్లో నాయన పాత బండి మీద పోయేటప్పుడు వానొస్తే ఎప్పుడూ నిదానంగా పోయేదాన్ని అక్కా" అంది. "ఈ బండి జారదనుకుంటి."

గొంతులో కోపం లేదు. అలసట ఉంది. నా ముఖంలోకి సూటిగా చూసి అడిగింది.

"నీకు తెలిసే చెప్పినావా అక్కా, తెలీక చెప్పినావా?"

ఆ పిల్ల నాకొక తలుపు తెరిచి పెట్టింది. అందులోంచి నేను వెళ్లిపోవాలనే తను కూడా కోరుకుంటున్నట్టు అనిపించింది. లేక అది కూడా నేను అల్లుకున్నదేనా?

"తెలీక పాపా" అన్నాను. "మాకు అట్లే చెప్పినారు. నేనూ అదే నమ్మినా." కళ్లలో నీళ్లు తిరిగాయి. నీళ్లు నిజమే. మాటే కాదు.

లావణ్య నా చెయ్యి పట్టుకుంది. "అట్లైతే ఇడిసిపెట్టక్కా. నువ్వేం చేస్తావు? నాయనకు మాత్రం చెప్పొద్దు. ఆ బండి నన్ను కాపాడిందని ఊరంతా చెప్పుకుంటాండాడు. తన కష్టార్జితం నాకు పనికొచ్చిందని ఆయన సంతోషం. తెలిస్తే మనిషి ఉండడు."

నేను తలూపాను. ఆ పిల్ల కర్ర పట్టుకుని మెల్లగా వెళ్లిపోయింది.

అప్పటినుంచి ఆ అమ్మాయి నన్ను సొంత అక్కలా చూస్తుంది. కుప్పంలో అదే ఆసుపత్రిలో ఇప్పుడు ల్యాబు మొత్తం తనదే. కొంచెం కుంటుతుంది. ఆ నల్లబండే నడుపుతుంది. ఉగాదికి, దసరాకు మెసేజ్ పెడుతుంది. "ఎట్లుండావక్కా" అని అడుగుతుంది. నేను బాగున్నానని రాస్తాను. నాయనకు చెప్పొద్దని తనే అంది కదా, నా మౌనం తన కోసమే కదా అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. రెడ్డెప్పకు చెప్పకపోవడానికి అది సరిపోతుందేమో. లావణ్యకు చెప్పకపోవడానికి ఏ కారణం ఉంది? భయం. తను నన్ను ఇక అక్కా అని పిలవదన్న భయం. ఇంకేమీ లేదు.

ఇప్పుడు ఎవరైనా వచ్చి స్పెషల్ ఎడిషన్‌కు అంత ఎక్కువ పెట్టొచ్చా అని అడిగితే, రంగూ స్టిక్కర్లూ అంతే, కళ్లకు నచ్చితే కొనుక్కోండి, దానిలో తప్పేం లేదు, బండి మాత్రం ఒకటే అని చెబుతున్నాను. కొందరు అయినా కొంటారు. బంగారు గీతల మీద చెయ్యి వేసి నవ్వుకుంటూ వెళ్తారు. వాళ్ల డబ్బు వృథా అని నేననను. ఏం కొంటున్నారో తెలిసి కొంటున్నారు. ఆ తండ్రికి నేను ఇవ్వనిది అదొక్కటే.

లావణ్య పేరు కూడా ఇక్కడ మార్చి రాశాను. తను ఇది చదవదు. చదివితే మాత్రం పేరు మార్చినా తన గురించేనని గుర్తుపడుతుంది. ఏదో ఒక రోజు కుప్పం బస్సెక్కి వెళ్లి చెబుతానా? మీకు మాట ఇవ్వలేను. నా మాట ఎలాంటిదో చూశారుగా.

కానీ తను అడిగిన ప్రశ్నకు జవాబు ఇప్పటిదాకా ఈ లోకంలో ఎక్కడా లేదు. ఒక్క కాగితం మీదైనా ఉండాలి.

తెలిసే చెప్పాను పాపా. మీ నాన్నకు ఆ రోజు తెలిసే చెప్పాను. నీకూ తెలిసే చెప్పాను.