బోర్డు మూల గడిలో రాయని పేరు

పొద్దున దొండపాదు కింద ఎండుటాకులు ఏరుతుంటే ఒక పచ్చి ఆకు చేతిలో నలిగింది. ఆ పసరు వాసన ముక్కుకు తగలగానే చేస్తున్న పని ఆపి అరుగు మీద కూర్చుండిపోయాను. ఇప్పటి పిల్లలకు తెలియదు కానీ, మా రోజుల్లో బోర్డు నల్లగా ఉండాలంటే బొగ్గు నూరి, దొండాకు పసరు కలిపి, పిల్లలమే రుద్దాలి. శనివారం మధ్యాహ్నం ఆ పని చేస్తే సోమవారం దాకా వేళ్ళకు ఆ వాసన పోయేది కాదు. అన్నం కలుపుకున్నా అదే వాసన. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ వాసన వెంట నాకు గుర్తొచ్చేది భ్రమరాంబ టీచరు గారే.

అవి డెబ్భైల తొలి ఏళ్ళు. జగ్గయ్యపేటలో నేను నాలుగో తరగతి. టీచరు గారు రాకముందు మాకు ఒక మాస్టారు ఉండేవారు. ఆయన బయటికి వెళ్ళేటప్పుడు క్లాసు లీడరును పిలిచి, మాట్లాడినవాళ్ళ పేర్లు బోర్డు మీద రాయమనేవారు. తిరిగి వచ్చాక పేరుకు రెండు చొప్పున చింతబరికె దెబ్బలు. ఆ లీడరును నేనే. మా నాన్నకు బజారులో కిరాణా కొట్టు ఉండేది, నా దస్తూరీ గుండ్రంగా ఉండేది. లీడరు కావడానికి ఆ రెండు అర్హతలూ సరిపోయాయి. తొమ్మిదేళ్ళ పిల్ల చేతికి సుద్దముక్క ఇచ్చి ముప్పై మంది అరచేతుల మీద అధికారం ఇస్తే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. రేగొడియాలు, చింతకాయలు, ఉప్పూకారం అద్దిన మామిడి ముక్కలు నా దగ్గరికి నడిచి వచ్చేవి. పెట్టినవాళ్ళ పేర్లు నాకు గుర్తుండేవి కావు.

ఈ సంగతి ఒకరోజు కోటేశ్వరి లేచి నిలబడి చెప్పేసింది. "మాస్టారండీ, లీడరు రేగొడియాలు పెట్టినోళ్ళ పేర్లు రాయదండి." కోటేశ్వరి తల్లి మంగమ్మ సున్నపురాయి క్వారీలో పనికి వెళ్ళేది. పిల్ల జుట్టు మీద కూడా ఎప్పుడూ తెల్లటి దుమ్ము ఉండేది. మాస్టారు నా వంక చూశారు, దాని వంక చూశారు, దాని చేతి మీదే నాలుగు వేశారు. ఆ రోజు నుంచి నా జాబితాలో దాని పేరే మొదటిది. అది మాట్లాడినా రాసేదాన్ని, నోరు మూసుకుని కూర్చున్నా రాసేదాన్ని.

దసరా సెలవుల తర్వాత ఆ మాస్టారికి బదిలీ అయి, భ్రమరాంబ టీచరు గారు వచ్చారు. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. నందిగామ నుంచి రోజూ ఎర్రబస్సులో వచ్చేవారు. చేతిలో గొడుగు, చిన్న టిఫిను క్యారియరు. మొదటిరోజే బోర్డు మీద నేను రాసిన వరుస చూసి, "ఎవరివమ్మా ఈ పేర్లు?" అని అడిగారు.

"మాట్లాడినవాళ్ళవండీ."

"మరి బుద్ధిగా ఉన్నవాళ్ళవి ఎక్కడ రాశావు?"

అలాంటివాళ్ళ పేర్లు రాయాలని నాకు ఎవరూ చెప్పలేదు. ఆమె బోర్డు ఎడమ మూల ఒక గడి గీశారు. "ఇవాళ్టి నుంచి మంచి పని చేసినవాళ్ళ పేర్లు ఇందులో రాయి. పేరొక్కటే రాస్తే కుదరదు, ఏం చేశారో కూడా రాయాలి. మంచి పిల్ల అని రాస్తే ఎవరికేం తెలుస్తుంది? పలక అరువిచ్చింది అని రాయి, తెలుస్తుంది." ఇక ఆ చింతబరికెను తీసుకువెళ్ళి బడి గోడ పక్కన దొండపాదుకు ఊతంగా గుచ్చారు. మేమంతా కిటికీలోంచి నోరు తెరుచుకుని చూశాం.

మొదటి రెండు వారాలు క్లాసు సంతలా ఉండేది. పక్క గదుల మాస్టార్లు వచ్చి తొంగిచూసి నవ్వుకునేవారు. టీచరు గారు మాత్రం గొంతు పెంచేవారు కాదు. క్షణం కుదురుగా కూర్చోని రాములు ఒకరోజు లెక్క పూర్తయ్యేదాకా కదలకుండా ఉన్నాడు. ఆమె వాడి పక్కకు వెళ్ళి, "లెక్క అయిందాకా లేవలేదు నువ్వు. చూశాను," అన్నారు. అంతే, బెల్లంముక్క పెట్టలేదు, భుజం తట్టలేదు. మర్నాడు వాడు రెండు లెక్కలు చేశాడు. ఆ "చూశాను" అన్న మాట కోసం మేమంతా పడిగాపులు పడడం మొదలుపెట్టాం. శనివారం గడిలో ఉన్నవన్నీ పైకి చదివేవారు, మేం చప్పట్లు కొట్టేవాళ్ళం. తల్లులను కూడా వచ్చి చూసుకోమని కబురు పెట్టారు.

అయితే సుద్దముక్క ఇంకా నా చేతిలోనే ఉంది. ఇదివరకు పేరు రాయకుండా ఉండడానికి వచ్చిన రేగొడియాలు ఇప్పుడు రాయడానికి వచ్చాయి. నా స్నేహితురాళ్ళు చేయని మంచి పనులు కూడా చేసినట్టు రాశాను. కోటేశ్వరి పేరు మాత్రం గడి గీసిన ఆ రెండు నెలల్లో ఒక్కసారి కూడా రాయలేదు. అది చేసినవి చూడక కాదు, అన్నీ చూశాను. చూసి, సుద్దముక్కను గుప్పిట్లో పెట్టుకుని కూర్చున్నాను.

ఒక శనివారం బడి విడిచిపెట్టాక బోర్డు రుద్దబోతుంటే గుమ్మంలో మంగమ్మ కనిపించింది. నేరుగా క్వారీ నుంచి వచ్చినట్టుంది, కాళ్ళు మోకాళ్ళ దాకా తెల్లగా ఉన్నాయి. టీచరు గారు హెడ్మాస్టరు గదిలో ఉన్నారు. గదిలో నేనొక్కదాన్నే.

"అమ్మాయ్, నాకు చదవడం రాదు. బోర్డు మీద మా కోటేశ్వరి పేరుందా?"

"లేదు."

"పోయిన వారం?"

"లేదు."

"ఒక్కసారి కూడా లేదా?"

"లేదు," అన్నాను. అది అబద్ధం కాదు. నా జీవితంలో అంత పెద్ద అన్యాయం ఏ అబద్ధంతోనూ చేయలేదు.

మంగమ్మ కాసేపు బోర్డు వంకే చూసింది. "సరేలే. దెబ్బలు తినడానికే వెళ్తందనుకున్నా. కొత్త టీచరమ్మ కొట్టదు గందా, ఏదన్నా వచ్చుద్దేమోనని మానిపించకుండా ఆగా. దానికి చదువు రాదన్నమాట," అని కొంగుతో ముఖం తుడుచుకుని వెళ్ళిపోయింది. నేను ఆపలేదు. దొండాకు నలిపి బోర్డు రుద్దాను.

సోమవారం కోటేశ్వరి రాలేదు. బుధవారానికి తల్లితో పాటు క్వారీలో రాళ్ళు ఏరుతోందని తెలిసింది. ఆ సాయంత్రం టీచరు గారు నన్ను ఆగమన్నారు. "కోటేశ్వరి పేరు ఎప్పుడూ చూసినట్టు లేదు. ఆ పిల్ల ఏమీ చేయలేదా పద్మా?" అని అడిగారు. గద్దించలేదు. గద్దించి ఉంటే బొంకేదాన్నేమో. ఆమె ఊరికే నా జవాబు కోసం చూస్తూ కూర్చున్నారు. నాకు ఏడుపు వచ్చేసింది. ఏడుస్తూనే ఒక్కొక్కటీ చెప్పాను. కుండలో నీళ్ళు అయిపోతే ఎవరూ చెప్పకుండానే బోరింగు దగ్గర పట్టుకొచ్చింది. ఒకటో తరగతి పిల్లకు చెప్పు తెగితే గుడ్డపీలికతో కట్టింది. పదమూడో ఎక్కం తప్పు లేకుండా అప్పజెప్పింది. నాకు జ్వరం వచ్చి తల వాల్చేస్తే మా కొట్టుకు పరుగెత్తి నాన్నను పిలుచుకొచ్చింది. మొత్తం తొమ్మిది. ఒక్కటి కూడా మర్చిపోలేదు నేను. రేగొడియాల సంగతీ చెప్పేశాను, మంగమ్మ వచ్చి వెళ్ళిన సంగతీ చెప్పేశాను.

టీచరు గారు లేచి బోర్డు మూల గడి దాకా వెళ్ళి చూశారు. తర్వాత, "ఇందులో నా తప్పూ ఉంది. బోర్డు నీ చేతికిచ్చి రాసిందే చూశాను. రాయనిది చూడలేదు," అన్నారు. ఒక తెల్లకాగితం ఇచ్చి ఆ తొమ్మిదీ రాయించారు. కొట్టు దగ్గర నాన్నకు చెప్పి, ఆ రోజు తన బస్సు వదులుకుని, నన్ను మంగమ్మ ఇంటికి తీసుకువెళ్ళారు.

మంగమ్మ పొయ్యి దగ్గర ఉంది. కోటేశ్వరి గోడకు ఆనుకుని కూర్చుని ఉంది, వేళ్ళకు గుడ్డ చుట్టుకుని. "చదువు," అన్నారు టీచరు గారు. నేను చదివాను. మంగమ్మ మళ్ళీ చదవమంది, మళ్ళీ చదివాను. "ఇయ్యన్నీ మా పిల్లే చేసిందా?" అని టీచరు గారిని అడిగింది. ఆమె అవునన్నారు. మంగమ్మ నా వైపు తిరిగి, "ఆ రోజు అడిగితే చెప్పకపోతివే అమ్మాయ్," అంది. కోపం లేదు ఆ గొంతులో. కోపపడి ఉంటే ఎంతో బాగుండేది. ఆ కాగితం నా దగ్గర తీసుకుని దీపం గూట్లో పెట్టింది.

మర్నాడు నేను బడికి వెళ్ళేసరికి గడిలో ఒకే పేరు ఉంది, టీచరు గారి రాతలో. "పద్మావతి, దాచినదాన్ని తానే చెప్పింది." లీడరు తన పేరు తాను రాసుకోకూడదు కనుక అంతవరకు నా పేరు ఆ గడిలో ఎప్పుడూ లేదు. సంగతి తెలియని పిల్లలంతా చప్పట్లు కొట్టారు. నేను బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను. ఆ వారం నుంచి లీడరు పని వారానికొకరికి వంతు వేశారు.

కోటేశ్వరి పది రోజులకు తిరిగి వచ్చింది. అది గొప్ప ఉద్యోగస్తురాలయిందని రాయాలని నాకూ ఉంది, కానీ కాలేదు. ఐదు పూర్తి చేసి మళ్ళీ క్వారీకే వెళ్ళింది, తర్వాత చిల్లకల్లు ఊరి సంబంధం చేసుకుంది. అయితే దాని వంతు వచ్చిన వారం, వంకరటింకర అక్షరాలతో, గడిలో నా పేరు మూడుసార్లు రాసింది. మూడూ నిజంగా నేను చేసిన పనులే. అలా రాయడానికి ఎంత పెద్ద మనసు కావాలో నాకు చాలా ఏళ్ళ తర్వాత అర్థమైంది.

ఎనభైల్లో నాకు టీచరు ఉద్యోగం వచ్చింది. ఆర్డరు కాగితం పట్టుకుని నందిగామలో టీచరు గారింటికి వెళ్ళాను. అప్పటికే ఆమెకు చూపు తగ్గింది. కాగితాన్ని కంటికి దగ్గరగా పెట్టుకుని చదివారు. ఎన్నాళ్ళుగానో అడగాలనుకున్నది అప్పుడు అడిగాను. "తప్పు చేసింది నేను కదండీ. ఆ రోజు నా పేరెందుకు రాశారు?"

"తప్పు చేశావన్నది నీకు తెలుసు. దాన్ని నేను రాయక్కర్లేదు. నిజం చెప్పగలవన్నదే నీకు తెలీదు," అన్నారు ఆమె. కాగితం నా చేతికి తిరిగి ఇస్తూ, "నువ్వు క్లాసులోకి వెళ్ళాక, అందరికన్నా ముందు ఎవరి పేరు రాయబుద్ధి కాదో చూసుకో. వాళ్ళ మీదే కన్నేసి ఉంచు," అన్నారు.

ముప్పై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పాను. నాకు రాయబుద్ధి కాని పిల్లలు ప్రతి ఏడూ ఉండేవారు. ఎదురు తిరిగేవాళ్ళు, కుదురు లేనివాళ్ళు, నా తప్పు నలుగురిలో ఎత్తి చూపినవాళ్ళు. వాళ్ళ మీద బెత్తం ఎత్తలేదంటే అది నా మంచితనం కాదు. చేతిలోకి సుద్దముక్క తీసుకున్న ప్రతిసారీ, మోకాళ్ళ దాకా తెల్లటి దుమ్ముతో మంగమ్మ గుమ్మంలో వచ్చి నిలబడేది. బోర్డు మీద మా పిల్ల పేరుందా అని అడిగేది. రిటైరయ్యాను, సుద్దముక్క పట్టుకుని చాలా కాలమైంది. ఇవాళ దొండాకు చేతిలో నలగగానే మళ్ళీ అడిగింది.