గజ్జె లేని మధ్యాహ్నం

ఈ విషయాన్ని కాగితం మీద పెట్టవలసి వస్తుందని నేను అనుకోలేదు. కాని ఈమధ్య హన్మకొండలో ఒక పెళ్లికి వెళ్లినప్పుడు, ఒకప్పుడు నా దగ్గర చదువుకున్న డాక్టరు ఒకాయన పదిమందిని చుట్టూ కూర్చోబెట్టుకొని నా అనుభవాన్ని నా ఎదుటే కథగా చెప్పాడు. ఆ కథలో బిడ్డ చనిపోయింది. చనిపోయిన బిడ్డ వార్డులో తిరిగింది. నేను పంతులుగారిని పిలిపించి శాంతి చేయించాను.

ఈ మూడింటిలో ఒక్కటీ నిజం కాదు. బిడ్డ బతికింది. వార్డులో ఎవరూ తిరగలేదు. నేను నా జీవితంలో దేనికీ శాంతి చేయించలేదు. నేను బతికి ఉండగానే విషయం ఇంత మారిపోతే, నా తరువాత ఇది ఏ రూపం ఎత్తుతుందో తెలియదు. అందువల్ల జరిగినది జరిగినట్టు రాస్తున్నాను.

దయ్యాలను నేను నమ్మను. అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. పిల్లల అంటువ్యాధుల వైద్యంలో ఉద్యోగకాలమంతా గడిపినవాడికి కంటికి కనబడని శత్రువులకు కొరత లేదు. వాటికి తోడు మరికొన్నింటిని కల్పించుకోవలసిన అవసరం నాకు ఎన్నడూ కలగలేదు.

అవి డెబ్బయ్యవ దశకం చివరి సంవత్సరాలు. వరంగల్‌లో నేను పనిచేసిన ఆస్పత్రి పేరు ఇక్కడ అవసరం లేదు. ఆవరణ వెనుక భాగంలో, ప్రధాన భవనానికి దూరంగా, పెంకుల కప్పుతో ఒక పాత కట్టడం ఉండేది. అంటువ్యాధుల పిల్లలను అందులో ఉంచేవాళ్లం. ఒక గది కంఠసర్పి పిల్లలకు. అంటే గొంతులో తోలువంటి పొర కట్టి ఊపిరి ఆడనివ్వని జబ్బు. దాని పక్క గది ధనుర్వాతం వచ్చిన పసికందులకు. ఆ గదికి కిటికీలు మూసి, నల్లటి తెరలు కట్టి, చీకటిగా నిశ్శబ్దంగా ఉంచేవాళ్లం. ధనుర్వాతం బిడ్డకు చిన్న చప్పుడు వినబడినా ఒళ్లంతా విల్లులా బిగుసుకుపోతుంది. ఆ రెండు జబ్బులూ ఒకే కప్పు కింద ఉండకూడదు. కాని మాకు మరో కప్పు లేదు.

అక్కడి పని గురించి గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. వేసవిలో ఒక జబ్బు, వానల్లో ఒకటి, చలికాలంలో ఒకటి. మందు ఉన్నప్పుడు దాన్ని చల్లగా ఉంచే ఐసు ఉండేది కాదు, ఐసు ఉన్నప్పుడు కరెంటు ఉండేది కాదు. "ఒక్కరోజు ముందు తీసుకురావలసింది" అనే మాట తల్లులతో అని అని, కొంతకాలానికి అనడం మానేశాను. ఆ మాట వల్ల ఏ బిడ్డా ఒకరోజు ముందు రాలేదు.

అటువంటి ఒక ఎండాకాలంలో సరోజన వచ్చింది. ఐదేళ్ల పిల్ల. నర్సంపేట వైపు ఒక పల్లె. తల్లి కొమురమ్మ కూలిపని చేసుకునే మనిషి. బిడ్డ మెడ వాచింది, జ్వరం వచ్చింది. అమ్మవారి చూపు తగిలిందని ఇంటికి వేపమండలు కట్టి కొన్నాళ్లు ఆగింది. మా దగ్గరికి చేరేసరికి పిల్ల పెదవులు నీలంగా ఉన్నాయి. మాట్లాడించే వ్యవధి కూడా లేదు. గొంతు డాక్టరుగారు అక్కడికక్కడే మెడ ముందు భాగంలో చిన్న రంధ్రం చేసి లోహపు గొట్టం అమర్చారు. పిల్ల ఊపిరి తీసుకుంది.

ఇక్కడ ఒక విషయం పాఠకులకు స్పష్టంగా తెలియాలి. ఆ గొట్టం స్వరపేటికకు కింద ఉంటుంది. ఊపిరి అక్కడినుంచే లోపలికి వెళ్లి, అక్కడినుంచే బయటికి వస్తుంది. అందువల్ల గొట్టం ఉన్నంతకాలం బిడ్డకు గొంతు ఉండదు. ఏడిస్తే ముఖం ఎర్రబడుతుంది, కన్నీళ్లు కారుతాయి, చప్పుడు మాత్రం రాదు. గొట్టంలో కఫం ఎండి అడ్డుపడితే కొద్ది నిమిషాల్లో ప్రాణం పోతుంది. ఆ కొద్ది నిమిషాల్లో ఎవరినీ పిలవడం బిడ్డకు సాధ్యం కాదు.

దీనికి మా వార్డులో ఒక పద్ధతి పెట్టుకున్నాం. గొట్టం ఉన్న ప్రతి బిడ్డ మణికట్టుకు ఎడ్ల మెడలో కట్టే చిన్న ఇత్తడి గజ్జె కట్టేవాళ్లం. ఊపిరి ఆడక బిడ్డ చేయి కొట్టుకుంటే గజ్జె మోగుతుంది, నర్సు పరుగెత్తుతుంది. ఆ ఆలోచన సిస్టర్ సువార్తది. కాజీపేట రైల్వే కుటుంబంలో పుట్టిన మనిషి, చర్చిలో పాటలు పాడేది, వార్డులో మాత్రం అవసరానికి మించి మాట్లాడేది కాదు. గజ్జె మోగినప్పుడల్లా పక్క గదిలో ధనుర్వాతం బిడ్డ బిగుసుకుపోయేది. ఆ నష్టం తెలిసే ఆ పద్ధతి ఉంచాం.

తల్లులకు లోపల ఉండే అనుమతి లేదు. ఉదయం రౌండ్స్ సమయంలో ఒకసారి వచ్చి చూసి వెళ్లవచ్చు. అది నా నియమం. అంటువ్యాధి వార్డుకు అది అవసరమని ఇప్పటికీ నా అభిప్రాయం.

సరోజనకు గొట్టం అమర్చిన మర్నాడు ఉదయం కొమురమ్మ బిడ్డను చూడగానే నా వైపు తిరిగింది.

"సారూ, మీ కాల్మొక్త, గా గజ్జె తీసెయ్యిరి. మొక్కిన యాటకు కట్టినట్టు కట్టిన్రు నా బిడ్డకు."

పోచమ్మకు మొక్కిన మేకపోతుకు మెడలో గజ్జె కట్టి ఊరంతా తిప్పుతారు. ఆ తరువాత ఏం చేస్తారో అందరికీ తెలిసిందే. బిడ్డ చేతికి గజ్జె కట్టడమంటే బిడ్డను అమ్మవారికి చూపించడమేనని ఆమె భయం.

"యాటకు కడితే కోస్తరు, ఈడ కడితే కాపాడుతం. ఊకో కొమురమ్మా," అంది సిస్టర్.

"గది నీకు ఎరుక, నాకు ఎరుక. అమ్మకెట్ల ఎరుకైతది సిస్టరమ్మా?"

గజ్జె ఎందుకు కట్టామో నేను వివరించాను. తీయకూడదని చెప్పాను. ఆమె అంతా విని తల ఊపింది.

"మీరు సదువుకున్నోల్లు సారూ. మా పోచమ్మ సదువుకోలే గద," అంది. ఆ మాటకు సిస్టర్ నవ్వు ఆపుకోలేక ముఖం పక్కకు తిప్పుకుంది. కొమురమ్మ వంగి బిడ్డ దుప్పటి సవరించి వెళ్లిపోయింది. మేము చూసింది అంతవరకే.

మధ్యాహ్నం కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగిపోయాయి. గొట్టం మీద తేమ కోసం కప్పిన తడి గుడ్డ ఆ వేడికి ఎండిపోయి ఉంటుంది. ఇది నేను తరువాత ఊహించినది. నేను ఆవరణకు అవతలి వైపు నా గదిలో టిఫిన్ క్యారియర్ విప్పుకొని కూర్చున్నాను. సిస్టర్ చీకటి గదిలో ధనుర్వాతం బిడ్డకు ముక్కుగొట్టం ద్వారా పాలు పోస్తున్నది. కొమురమ్మ గేటు దగ్గర నల్లా కింద బట్టలు ఉతుకుతున్నది. కంఠసర్పి గదిలో ఆ రోజు సరోజన తప్ప ఎవరూ లేరు.

"అవ్వా, ఇటు రాయే."

ఆడపిల్ల గొంతు, తల్లిని పిలుస్తున్నది. నా గది గుమ్మంలో నిలబడి పిలిచినంత దగ్గరగా వినబడింది. 'రాయే' అనే మాట చివర సాగి, కొద్దిగా చీలింది. గుమ్మంలో ఎవరూ లేరు. నేను ఎందుకు లేచానో చెప్పలేను. ఆస్పత్రిలో పిల్లలు తల్లులను పిలవడం వింత కాదు. దానికి అన్నం వదిలి లేచే అలవాటు నాకు లేదు. కాని లేచాను, ఎంగిలి చేత్తోనే నడిచాను, ఆవరణ మధ్యకు వచ్చేసరికి పరుగెత్తుతున్నాను.

అటునుంచి కొమురమ్మ తడి చీరతో ఉరికి వస్తున్నది. సిస్టర్ ఒళ్లోని బిడ్డను పడుకోబెట్టి చీకటి గది తలుపు తీసుకొని బయటికి వచ్చింది. ముగ్గురం ఇంచుమించు ఒకేసారి సరోజన గది గుమ్మం చేరాం.

పిల్ల నీలంగా ఉంది. కళ్లు పైకి తిరిగాయి. చేతులు మంచాన్ని కొడుతున్నాయి, గజ్జె మోత లేదు. మణికట్టుకు గజ్జె లేదు. దాని స్థానంలో పసుపు దారం ఉంది. సిస్టర్ ఆ లోహపు గొట్టంలో తొడిగి ఉన్న లోపలి గొట్టాన్ని ఒక్క లాగుతో బయటికి తీసింది; దాని కొనకు ఎండిన కఫం బిరడాలా పట్టుకొని ఉంది. గాలి ఈలవేసినట్టు లోపలికి వెళ్లింది. కొంతసేపటికి పెదవుల రంగు మారింది. కొమురమ్మ గుమ్మం దాటి లోపలికి వచ్చి బిడ్డ కాళ్లు పట్టుకొని కూర్చుంది. నేను ఆమెను బయటికి పంపలేదు.

గజ్జె కిటికీ ఊచకు కట్టి ఉంది.

"ఎవరు తీసిన్రు దీన్ని?" సిస్టర్ అడిగింది.

"నేనే తీసిన, పొద్దుగాల దుప్పటి సదురుకుంట. కొట్టుర్రి, తిట్టుర్రి. గజ్జె లేకున్నా పిలిచింది గద నా బిడ్డ."

"ఎట్ల పిలుస్తది కొమురమ్మా? గొంతే లేకపాయె."

"మరి నువ్వెందుకు ఉరికొస్తివి సిస్టరమ్మా?"

సిస్టర్ నా వైపు చూసింది. నా చేతికి ఇంకా అన్నం అంటుకొని ఉంది.

ఆ సాయంత్రం ఒకరి మాట మరొకరి చెవిన పడకుండా ఇద్దరినీ విడివిడిగా అడిగాను. నేను విన్నది వాళ్లకు చెప్పలేదు. ఇద్దరూ అవే మాటలు చెప్పారు. నల్లా దగ్గర తన వెనుకే నిలబడి పిలిచినట్టు ఉందని కొమురమ్మ అంది. చెవి పక్కన వినబడిందని, ఉలికిపాటుకు పాల గిన్నె ఒలికిందని సిస్టర్ అంది. ఇంకొక మాట కూడా చెప్పింది.

"ఒక్కటి సమజైతలేదు డాక్టర్‌గారూ. నా ఒళ్లో ఉన్న పిల్లగాడు కదల్లే. గజ్జె మోగితేనే కొయ్యలెక్క బిగుసుకునేటోడు. గంత గట్టిగ పిలిస్తె వానికేం కాలే."

నేను ఆలోచించగలిగినంత ఆలోచించాను. ఆ భవనంలో మాట్లాడగలిగిన వేరే బిడ్డ ఆ రోజు లేదు. బయట ఏ పిల్లైనా పిలిచి ఉండవచ్చు. కాని ఆవరణలో మూడు వేర్వేరు చోట్ల ఉన్న ముగ్గురికీ పక్కనే నిలబడి పిలిచినట్టు వినబడే గొంతు నాకు తెలియదు. గొట్టం పక్కనుంచి కొంత గాలి పైకి వెళ్లి ఉండవచ్చునని గొంతు డాక్టరుగారు అన్నారు. అది అసాధ్యం కాదు. కాని గొంతు రావాలంటే గాలి కావాలి. అంతగా పిలవగలిగే గాలి ఉంటే ఆ బిడ్డ నీలంగా మారదు. చివరికి నేను అలసట అని పేరు పెట్టి ఆ విషయాన్ని పక్కన పెట్టాను. ఆ రోజుల్లో మా అందరికీ అది కావలసినంత ఉండేది.

జబ్బు తగ్గి పొర ఊడిపోయిన తరువాత గొట్టం తీసే రోజు వచ్చింది. ముందుగా గొట్టం మూతిని వేలితో మూసి, ఊపిరి పైనుంచి సరిగా ఆడుతున్నదా అని చూస్తారు. ఆ రోజు కొమురమ్మను లోపలికి రానిచ్చాను. గొంతు డాక్టరుగారు వేలు పెట్టారు. పిల్ల కొంచెం గింజుకుంది, ఊపిరి తీసింది, తల్లి వైపు చూసింది.

"అవ్వా, ఇంటికి పోదామే."

నేను ఆ బిడ్డ గొంతు వినడం అదే మొదటిసారి. మా దగ్గరికి వచ్చిన క్షణంలో ఆమెకు మాట లేదు. ఆ తరువాత గొట్టం ఉంది. కాని ఆ గొంతు నాకు తెలుసు. మాట చివర అదే సాగుడు, అదే చీలిక.

సిస్టర్ నెమ్మదిగా, "గదే గద డాక్టర్‌గారూ," అంది.

"గాయం మీదికి గాజుగుడ్డ ఇవ్వండి," అన్నాను.

వెళ్లిపోయే రోజు కొమురమ్మ ఆ గజ్జె అడిగింది. యాటను మొక్కిందట, దానికి కడుతుందట. "బిడ్డకు కట్టింది యాటకు కడితే అమ్మకు లెక్క సరిపోతది," అంది. సిస్టర్ ఈసారి దాచకుండా నవ్వింది. మరిగించి ఇవ్వమని చెప్పాను.

ఆ పిల్లను నేను ఏమీ అడగలేదు. పిలిచావా అని అడిగితే ఐదేళ్ల బిడ్డ మనం కోరిన జవాబే చెబుతుంది. దానికి సాక్ష్యంగా విలువ లేదు. ఎనభైల చివరికి టీకాల వల్ల ఆ జబ్బు బాగా తగ్గింది. ఆ భవనం కూల్చేశారు. సిస్టర్ సువార్త ఇప్పుడు లేదు.

జ్ఞాపకం మీద ఆధారపడి రాశాను. గదుల వరుస, నల్లా ఉన్న చోటు, కరెంటు పోయిన సమయం, వీటిలో తప్పులు ఉండవచ్చు. ఆనాడు అక్కడ పనిచేసినవారు ఎవరైనా ఉంటే సరిదిద్దవలసిందిగా కోరుతున్నాను. నా కారణాల వరుసలో లోపం కనబడితే వైద్యులు నిర్మొహమాటంగా చెప్పాలి. ఆ పిలుపు విషయంలో నేను పొరబడ్డానని ఎవరైనా రుజువు చేయగలిగితే మరీ మంచిది. ఇన్నేళ్ల తరువాత కూడా అన్నం ముందు కూర్చున్నప్పుడు ఒక్కోసారి గుమ్మం వైపు చూస్తుంటాను. ఆ అలవాటు మానడానికి నాకు ఒక కారణం కావాలి.