చెల్లె ఊదిన ఊపిరి

బి.ఎస్సీ. ప్యాసైన వార్త మోసుకుని నారాయణపేటలో బస్సు దిగాను. పోలీసు చర్య తర్వాత బస్సులు మళ్లీ నడుస్తున్న కొత్త రోజులవి. మా మగ్గాల ఇంట్లో నాకు ముందు పట్టా చూసినవాళ్లు లేరు. ఆగలేక దారిలో కండక్టరుకు కూడా చెప్పేశాను. గడప దాటగానే అవ్వ అంది:

"మంచిగైంది, వచ్చినవు. శుక్రవారం చెల్లెకు వాత పెట్టిస్తున్నం. గట్టిగ పట్టుకోనీకి మనిషి కావాలె."

ఎనిమిదేళ్ల చెల్లెకు పసితనం నుంచీ దమ్ము, అంటే ఉబ్బసం. గోడకు ఆనుకుని, ఊపిరి కోసం భుజాలెగరేస్తోంది. నన్ను చూసి నవ్వింది కానీ మాట రాలేదు. రొమ్ము మీద కాలిస్తే దమ్ము పోతుందని అవ్వ నమ్మకం. తన తల్లి మాటకు బాపు ఎదురు చెప్పడు.

"అవ్వా, పట్నం దవాఖానల ఊపిరి కొలిచే యంత్రం ఉన్నది. సూది లేదు, కోత లేదు. ఊదుడే. మా కాలేజీల నేను సుత ఊదిన."

"ఊపిరి ఏమన్న జొన్నలా, కొలువనీకి?"

"ఒక్కపారి చూడు. ఫాయిదా లేకుంటె నేనే పట్టుకుంట."

అనేసి, చెల్లె వైపు చూడకుండా సంచి కింద పెట్టాను.

చెల్లెను పట్నం తీసుకుపోతుంటే అవ్వ కూడా వెంట వచ్చింది. దవాఖానలో నీళ్ల తొట్టిలో బోర్లించిన డబ్బా, దానికో రబ్బరు గొట్టం. ఊదితే డబ్బా పైకి లేస్తుంది, దానికి కట్టిన ముల్లు పొగ పట్టించిన కాగితం మీద గీత గీస్తుంది. చెల్లె గొట్టం అందుకుంది. తీరా ఊదే సమయానికి మొహం పక్కకు తిప్పేసింది. మళ్లీ అంతే. తర్వాత ఊదింది గానీ, మెల్లగా, భయంగా. డబ్బా కదల్లేదు.

"ఛాతీల బలమే లేదు," అన్నాడు డాక్టరు. అవ్వ నా వైపు చూసింది.

అప్పుడు తట్టింది నాకు. నూలు దగ్గర గట్టిగా ఊదకూడదని, దగ్గొచ్చినా మొహం తిప్పుకోవాలని మా ఇంట్లో పాకే వయసు నుంచే నేర్పుతారు. లేచిన పీచు గంజి తడి ఆరని పడుగు దారాలకు అంటుకుంటుంది. మరిస్తే అవ్వ చేతి దెబ్బే.

"అవ్వా, నువ్వు చెప్తెనే ఊదుతది."

అవ్వ చెల్లె ముందు గొంతుక్కూర్చుంది. "ఈడ పడుగు లేదు బిడ్డా. ఎవ్వరు కొట్టరు. ఊదు."

డబ్బా లేచింది. డాక్టరు మందు తుంపర పీల్పించి, కాసేపాగి మళ్లీ ఊదించాడు. ఈసారి గీత ఇంకా పైకి పోయింది.

"బలం ఉన్నది అవ్వా. లోపల దారులు ఇరుకైతున్నయి, మందుకు తెరుసుకుంటున్నయి. నూలు పీచు దగ్గర కూసోబెట్టకు," అన్నాడు డాక్టరు.

"కాలిస్తె గీత ఇంక మీదికి పోతదా?"

"కాలిస్తె పిల్ల ఊదుతదా, ఏడుస్తదా? నువ్వే చెప్పు."

అవ్వ చెల్లె మూతి తడి కొంగుతో తుడిచింది.

శుక్రవారం వాత పెట్టే ముసలాయన ఇనుప కమ్మితో వచ్చాడు. అవ్వ ఆయనకు అంబలి పోసి, "మా పోరి ఊదితె డబ్బ ఇంతెత్తు లేసింది," అని మోకాలి దాకా చెయ్యెత్తి చూపింది. ఆయన తాగి, కమ్మి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

సాయంత్రం వాడకట్టు ఆడవాళ్లకు చెప్పేటప్పటికి ఆ ఎత్తు నడుము దాటింది. నేను సరిదిద్దలేదు.